118 కాపాడిన టీమేనా ఇది?

ఐపీఎల్‌లో ఈ పరుగుల వరద నాకు విసుగొస్తోంది, బౌలర్లకి అన్యాయం జరుగుతోంది. ముందే చెప్తున్నా, నేనూ మన హైదరాబాద్ టీమ్ సన్‌రైజర్స్ అభిమానినే. తిట్టేవాళ్ళు ఆ సంగతి గుర్తుపెట్టుకుని తిట్టండి.

2024 మార్చి 27న ఉప్పల్‌లో ముంబై మీద మనవాళ్ళు 277 కొట్టిన రోజు గొంతు పోయేలా అరిచాను. వాళ్ళూ తగ్గలేదు, 246 దాకా వచ్చారు. మొత్తం 523 పరుగులు, 38 సిక్సర్లు. అందులో ఒక్క సిక్సర్ కూడా ఇప్పుడు నాకు విడిగా గుర్తు లేదు. విస్తట్లో పన్నెండు స్వీట్లు వడ్డిస్తే దేని రుచి తెలుస్తుంది?

అదే 2018లో వాంఖడే మ్యాచ్ గురించి అడగండి. ఇదే ముంబై మీద మనం 118కే ఆలౌట్. పైగా మన ప్రధాన బౌలర్ భువి (భువనేశ్వర్ కుమార్) కూడా ఆ మ్యాచ్‌లో లేడు. మా నాన్న టీవీ కట్టేసి పడుకుండిపోయారు. ఓ వికెట్ పడిందని నేను కేకేస్తే లేచొచ్చి కూర్చున్నారు, ఇంక కదల్లేదు. మన స్పిన్నర్ రషీద్ నాలుగు ఓవర్లకు 11 పరుగులే ఇచ్చాడు. మన పేసర్ కౌల్‌కి మూడు వికెట్లు. ముంబై 87 ఆలౌట్! బంతి బంతికీ టెన్షన్ అంటే అదీ.

ఇప్పుడా టెన్షన్ ఎక్కడిది? తారు రోడ్డులాంటి పిచ్, దగ్గరికి లాగిన బౌండరీ తాడు, పైన ఇంపాక్ట్ ప్లేయర్, అంటే మ్యాచ్ మధ్యలో ఒకరి బదులు దింపుకునే అదనపు ఆటగాడు. ఒకప్పుడు ఐదు వికెట్లు పడితే ఎంత కొట్టేవాడైనా కాస్త ఆగేవాడు. ఇప్పుడు వెనకాల ఇంకో బ్యాటర్ ప్యాడ్లు కట్టుకుని రెడీగా ఉంటాడు, భయం దేనికి? ఈ రూల్ తనకు నచ్చదని రోహిత్ శర్మే అన్నాడు. 2025లో ఉప్పల్‌లోనే జోఫ్రా ఆర్చర్ అంతటి ఫాస్ట్ బౌలర్ నాలుగు ఓవర్లలో 76 ఇచ్చుకున్నాడు. మనవాళ్ళే కొట్టారు, నిజమే. కానీ చూస్తుంటే జాలేసింది.

వన్డేల సంగతి ఇంకా ఘోరం. 2011లో ఒక్కో ఎండ్ నుంచి ఒక్కోటి చొప్పున రెండు కొత్త బంతులు తెచ్చారు. బంతి పాతబడితే కదా అది అనుకున్న వైపు కాకుండా ఎదురు వైపు తిరిగేది, అదే రివర్స్ స్వింగ్! ఇది ఆటకి చేటని 2018లో సచిన్ చెప్పాడు. ఐసీసీకి చెవికెక్కడానికి 2025 వచ్చింది, అదీ చివరి 16 ఓవర్లకు ఒకే బంతి అని సగం దిద్దుబాటు.

బౌలర్లకి ఏమీ ఇవ్వలేదని అనను. ఐపీఎల్‌లో ఓవర్‌కి రెండు బౌన్సర్లు ఇచ్చారు, బంతి మెరుపు కోసం మళ్ళీ ఉమ్ము రాసుకోనిచ్చారు, మంచుకి తడిసి సబ్బులా జారే బంతిని రాత్రి మ్యాచ్‌ల్లో రెండో ఇన్నింగ్స్ పదో ఓవర్ తర్వాత మార్చుకోనిచ్చారు. ఇవన్నీ చిల్లర. ఆ ఇంపాక్ట్ రూల్ తీసేయండి ముందు.

మా గల్లీలో బంతి నేరుగా పక్కింటి గోడ దాటితే సిక్సర్ కాదు, అవుట్. కొట్టినోడే వెళ్ళి ఆంటీతో తిట్లు తిని బంతి తేవాలి. పదేళ్ళ పిల్లలకి తెలిసిన న్యాయం ఇది.

2025 ఏప్రిల్‌లో మన హైదరాబాదీ బౌలర్ సిరాజ్ గుజరాత్ జెర్సీలో ఉప్పల్‌కి వచ్చి, మొదటి ఓవర్లోనే మన ఓపెనర్ హెడ్‌ని పంపించి, 17 పరుగులకి నాలుగు వికెట్లు తీశాడు. ఆరెంజ్ జెర్సీ వేసుకుని సిగ్గు లేకుండా చప్పట్లు కొట్టాను.