ఆత్మకూరుకు రైలు, చదరపు అడుగు లెక్కన

నడికుడి–శ్రీకాళహస్తి రైలు మార్గం 2011–12లో మంజూరైంది. పొడవు 309 కిలోమీటర్లు. అది మా ఆత్మకూరు మీదుగా పోతుందన్న మాట విన్న ఏడాది పుట్టిన పిల్లలకు ఇప్పుడు నూనూగు మీసాలు వస్తున్నాయి. నాకేమో నెల్లూరు బస్సులో నిలబడి ప్రయాణం చేసే ఓపిక తగ్గుతోంది. ఈ రెండు గడువులనూ బేరీజు వేసుకున్న మీదట, మా ఊరి స్టేషన్‌లో రైలు ఆగడం కళ్లారా చూడాలంటే దాన్ని మా హాల్లోనే బొమ్మగా కట్టించుకోవడం త్వరగా తెమిలే పని అని తీర్మానించాను.

ఇటువంటివి కట్టిపెట్టడమే వృత్తిగా పెట్టుకున్న నిపుణులు అమెరికాలో ఉన్నారు. మనం గది కొలతలు పంపితే వారు ప్లాను గీసి, బల్ల కట్టి, పట్టాలు వేసి, కొండలూ చెట్లూ నిలిపి, ముక్కలుగా విడదీసి పెట్టెల్లో పంపుతారు. అక్కడే ఉంటున్న మా అబ్బాయి ఒకరి దగ్గర కొటేషన్ తీసుకున్నాడు. చదరపు అడుగుకు 200 డాలర్లు. పన్నెండడుగులకు ఎనిమిదడుగులు, అంటే 96 చదరపు అడుగులకు 19,200 డాలర్లు. మన లెక్కలో పదహారు లక్షలు దాటింది. అందులో ఇంజినూ పెట్టెలూ కలవవని కింద చిన్న అక్షరాల్లో ఉంది. అంటే ఆ సొమ్ముకు దక్కేది రైలు లేని రైలు మార్గం. ఆ సరుకు మా జిల్లాలో ప్రభుత్వమే ఇస్తోంది.

ధర అన్యాయమని మాత్రం నేను అనలేను. పని తెలిసినవారు పని వివరించాక నోరు మూతపడింది. పట్టా కింద కార్క్ పరుస్తారు. పట్టాల మధ్య కంకర ఆవగింజ కంటే సన్నం. దాన్ని చిన్న కుంచెతో ఒక్కో స్లీపర్ సందులోకి సర్ది, నీళ్లలో పలచన చేసిన తెల్ల జిగురును చుక్కచుక్కగా వదిలి, తెల్లారేదాకా ఆరనిస్తారు. బల్ల పైన ఎంత పట్టా కనిపిస్తుందో, బల్ల కింద అంతకు ఎన్నో రెట్లు తీగ ఉంటుంది. ప్రతి కొన్ని అడుగులకూ పట్టాకు ఒక తీగ జత అతకాలి, రైలును ఒక పట్టా నుంచి మరో పట్టాకు మళ్లించే ప్రతి పాయింటుకూ ఒక మోటారు బిగించాలి. ఆ కంకర పరిచే గంటలకు అమెరికా కూలి కట్టి చూడండి. ఇదే బల్ల సంగతి మా వీధి వడ్రంగిని అడిగితే, "టేకా, ప్లైవుడ్డా సార్?" అన్నాడు. బల్ల వరకు అతడే నయం, తక్కినదే చిక్కు.

అసలు చిక్కు కొలతల్లో వచ్చింది. ఎక్కువమంది వాడే హెచ్‌ఓ స్కేలులో అన్నీ 87వ వంతు ఉంటాయి. హాంబర్గ్‌లో 2001లో తెరిచిన మినియేచర్ వండర్‌ల్యాండ్ అనే బొమ్మ రైళ్ల ప్రదర్శనశాలలో ఈ స్కేలు పట్టాలు 16 కిలోమీటర్లకు పైనే ఉన్నాయి. మా 309 కిలోమీటర్లు ఆ లెక్కన మూడున్నర కిలోమీటర్లే కనుక, జర్మన్లు మా లైనును నాలుగుసార్లు పూర్తిచేసి ఇంకా పట్టా మిగుల్చుకున్నట్టు. మనకు మాత్రం ఇరవై నాలుగు పెట్టెల రైలు 87వ వంతుకు కుదించినా ఇరవై అడుగులు దాటుతుంది; మా హాలు పధ్నాలుగు అడుగులు. నిపుణులు రైలును ఐదు పెట్టెలకు తగ్గించమన్నారు. జనరల్ పెట్టెలు తీసేద్దామా అని అడిగారు. ఈ ఆలోచన వారికెవరు చెప్పారో తెలియదు.

ఆపైన గేజ్, అంటే రెండు పట్టాల మధ్య దూరం. బజారులో దొరికే హెచ్‌ఓ పట్టాల వెడల్పు 16.5 మిల్లీమీటర్లు. అది చాలా విదేశాల్లో ఉన్న 1435 మిల్లీమీటర్ల గేజ్‌కు సరిపోతుంది. మన బ్రాడ్‌గేజ్ 1676. దానికి 19 మిల్లీమీటర్లకు పైగా కావాలి. అలా కావాలంటే చేత్తో ప్రత్యేకంగా వేయాలి, దానికి వేరే ధర. మీటర్‌గేజ్ లైన్లన్నిటినీ వెడల్పు చేయడానికి 1992 నుంచి ఈ దేశం అంత ఖర్చు పెట్టాక, మా హాల్లో దాన్ని ఇరుకు చేసిన పాపం నాకెందుకని ఒప్పుకున్నాను.

ఇక సుంకం. నిపుణులు ఉత్తరం ఉత్తరానా ఇది బొమ్మ కాదు, కళాఖండం అని గుర్తుచేస్తూ వచ్చారు, ధర అడిగినప్పుడు మరీ గట్టిగా. మన కస్టమ్స్ పట్టికలో మాత్రం ఇది బొమ్మే. బొమ్మలపై సుంకం 2020లో 20 శాతం నుంచి 60కి, 2023లో 70కి చేరింది. అంటే కళాఖండం ధర పెట్టి కొని, బొమ్మ సుంకం కట్టాలి.

నిధుల విషయంలో రైల్వే శాఖనే ఆదర్శంగా తీసుకున్నాను. అసలు లైనుకు భూమిని రాష్ట్రం ఉచితంగా ఇచ్చి, నిర్మాణ ఖర్చులో సగం భరించాలన్నది ఒప్పందం. అదే పద్ధతిలో హాలు మా ఆవిడ ఉచితంగా ఇవ్వాలని, సగం ఖర్చు మా అబ్బాయి పెట్టుకోవాలని ప్రతిపాదన పంపాను. అబ్బాయి పరిశీలిస్తానన్నాడు. మా ఆవిడ, "వడియాలు యాడ ఆరబెట్టుకోవాలంట?" అని అడిగి భూసేకరణ దశలోనే ఫైలు ఆపింది.

అయినా ప్లాను కాగితం వచ్చింది. దాన్ని అరుగు మీద పరిచి చూస్తుంటే పక్కింటి రైతు వచ్చి కూర్చున్నాడు. అసలు లైను సర్వేలో అతడి చేను కొంత పోతుంది. కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, స్టేషన్ తర్వాత వంపు దగ్గర వేలు పెట్టి, "అన్నా, ఈడ నా బోరుండాదే, దీంట్లో గూడా పోద్దా?" అని అడిగాడు. పోదని మాటిచ్చి, ఆ రాత్రే నిపుణులకు రాశాను. మర్నాటికల్లా జవాబు వచ్చింది: బోరు, మోటారు గది, పక్కన వేపచెట్టు తప్పకుండా పెడతారట, బోరులోంచి నీళ్లు పడుతున్నట్టు కనిపించాలంటే మాత్రం రెజిన్ అనే, గాజులా గట్టిపడే ద్రవం పోయాలి గనుక దానికి చార్జీ వేరట.