అన్‌స్లింగర్ అబద్ధాలు గంజాయికి సర్టిఫికెట్ కావు

మా అనంతపురం కాలేజీ మిత్రుల వాట్సాప్ గ్రూపులో నెల రోజులుగా ఒకే సందేశం తిరుగుతోంది. హ్యారీ అన్‌స్లింగర్ అనే అమెరికా అధికారి ఒత్తిడి తెచ్చి 1985లో మన దేశంలో గంజాయిని నిషేధింపజేశాడనీ, అది ఏ హానీ చేయని శివప్రసాదమనీ, పిల్లవాడు తాగుతున్నాడని డాక్టరుకు చెబితే పదేళ్లు జైలేననీ దాని సారాంశం. నిన్న నాలుగోసారి, అదీ ఒక ఉపాధ్యాయుడి నుంచి వచ్చేసరికి ఇక ఊరుకోలేకపోయాను.

1930లో అమెరికా నార్కోటిక్స్ బ్యూరోకు తొలి కమిషనరైన అన్‌స్లింగర్ 1962లో ఆ పదవి వదిలాడు, 1975లో మరణించాడు. మాదకద్రవ్యాలను నిషేధించే మన ఎన్‌డీపీఎస్ చట్టం అమల్లోకి వచ్చింది 1985 నవంబరు 14న. చనిపోయి పదేళ్లయిన మనిషి ఎవరి మీద ఒత్తిడి తెచ్చినట్టు? పైగా ఆ చట్టం పూత, కాయలున్న కొసలనే గంజాయి అంటుంది. శివరాత్రికి నూరే భంగు ఆకును ఆ నిర్వచనంలో చేర్చనే లేదు.

అయితే అన్‌స్లింగర్ గురించి సందేశం చెప్పింది నిజానికి తక్కువే. 1937లో మారిజువానా పన్ను చట్టం కోసం అతడు అమెరికా కాంగ్రెస్‌కు వినిపించినవి పత్రికల్లోంచి ఏరిన హత్యాకథలు. నల్లవారి మీద, మెక్సికన్ల మీద ఉన్న ద్వేషాన్ని అతడు వాడుకున్నాడు. మితంగా వాడితే పెద్దగా హాని లేదని మన దేశంలోనే గంజాయి వాడకంపై విచారించిన 1893-94 నాటి కమిషన్ రాసిన మాట కూడా ఒప్పుకుంటాను.

కానీ ఆ కమిషన్ చూసింది పదిహేడేళ్ల పిల్లల మెదళ్లను కాదు. ఎదిగే వయసులో తరచూ గంజాయి తాగేవారికి మతిభ్రమణం వచ్చే ముప్పు పెరుగుతుందని వైద్యులు ఏళ్లుగా చెబుతున్నారు. మా వీధిలో ఒక ఇంటర్ కుర్రాడు ఫ్యానులోంచి ఎవరో తనను తిడుతున్నారని దాన్ని ఆపేయించేవాడు. మే నెల ఎండల్లో వాళ్లమ్మ రాత్రంతా పక్కన కూర్చుని విసనకర్రతో విసిరేది. డాక్టరుకు చూపిస్తే జైలేనని ఆమెకు చెప్పింది ఇటువంటి సందేశమే.

పదేళ్లకు తక్కువ కాని శిక్ష 20 కిలోలు దాటిన గంజాయికి. కిలో లోపు దొరికితే గరిష్ఠంగా ఏడాది. వాడకం నేరానికో, చిన్న పరిమాణానికో పట్టుబడిన వ్యసనపరుడు తనంతట తాను గుర్తింపు ఉన్న ఆస్పత్రిలో చేరి చికిత్స పూర్తి చేసుకుంటే ప్రాసిక్యూషన్ ఉండదని అదే చట్టంలోని 64ఏ సెక్షన్ చెబుతోంది. ఆ తల్లికి ఈ సంగతి ఆస్పత్రిలోనే తెలిసింది, నాలుగు నెలలు ఆలస్యంగా.