ఎవరూ వాడట్లేదని తీసేస్తే...

ఓపెన్ సోర్స్ లైబ్రరీలో ఎవరూ వాడని ఇంటిగ్రేషన్ (వేరే వాటితో కలిపే కోడ్) మన వైజాగ్ బీచ్ రోడ్డులో మ్యూజియమైన జలాంతర్గామి కురుసుర లాంటిది. 2001లో రిటైరయ్యాక నీళ్లలో మునిగింది లేదు. అయినా ఉప్పుగాలి ఊరుకోదు, తుప్పు గీకించి రంగు కొట్టించాల్సిందే.

మధురవాడలో లైబ్రరీ బాగోగులు చూసే ఓ మెయింటెయినర్‌కి ఈ తుప్పు టెల్నెట్ (నెట్‌వర్క్‌లో యంత్రాలతో మాట్లాడే పాత పద్ధతి) రూపంలో తగిలింది. సెన్సార్లను చదివే అతని లైబ్రరీలో పాత పరికరాల కోసం ఓ మూల 400 లైన్ల టెల్నెట్ కోడుంది. అది రాసిన భాష పైథాన్. 2024 అక్టోబరులో వచ్చిన పైథాన్ 3.13, ఆ కోడుకి ఆధారమైన టెల్నెట్‌లిబ్‌తో సహా 19 పాత మాడ్యూళ్లను పీకేసింది. టెస్టులు ఫెయిలై ఎర్రబారాయి. కన్నతల్లే వదిలేశాక మనకెందుకులే, తీసేద్దాం అనుకున్నాడు.

పద్ధతిగానే వెళ్లాడు పాపం. డౌన్‌లోడ్లు చూశాడు. ఆ లెక్కలో ప్యాకేజీ ఉంటుంది గానీ, ఏ ఎక్స్‌ట్రాతో (అదనంగా అడిగి తెచ్చుకునే భాగంతో) దించుకున్నారో ఉండదు. "దీన్ని త్వరలో తీసేస్తాం" అనే డెప్రికేషన్ వార్నింగ్ పెట్టి ఏడాది ఆగాడు. వార్నింగ్ ఎవరి కోడ్ మీద పడాలో చెప్పే స్టాక్‌లెవెల్ ఇవ్వడం మరిచాడు కాబట్టి పైథాన్ దాని నోరు నొక్కేసింది. అందరికీ కనబడాలంటే ఫ్యూచర్ వార్నింగ్ పెట్టాలి. ఎవరూ అరవలేదు గదాని శుక్రవారం సాయంత్రం టెల్నెట్ లేని 3.0 వెర్షన్ వదిలేసి, బీచ్‌కెళ్లి మురీ మిక్చర్ తిన్నాడు. శుక్రవారం ఎవరైనా రిలీజ్ చేస్తారా! సరే, అది వేరే కథ.

తెల్లారి ఐదింటికి ఫోన్. ఫిషింగ్ హార్బర్ దగ్గర రొయ్యల కోల్డ్ స్టోరేజీ నడిపే సొంత బావ.

"బామ్మర్దీ, రాత్రి నుంచి టెంపరేచర్ రావట్లేదేటి?"

"నా లైబ్రరీ నువ్వెప్పుడు పెట్టుకున్నావు బావా?"

"నువ్వే కదేటి, మా పెళ్లయిన కొత్తలో పెట్టిచ్చావు!"

అర్ధరాత్రి బావ మెషీన్లో టైముకి పనులు నడిపే క్రాన్ లేచి, ఫలానా వెర్షనే అని కట్టేసి లేదు కాబట్టి, నేరుగా 3.0 దించింది. అందులో టెల్నెట్ ఎక్స్‌ట్రా లేదు. అలాంటప్పుడు ప్యాకేజీలు ఎక్కించే పిప్ ఆగదు. "ఆ ఎక్స్‌ట్రా లేదు" అని ఓసారి గొణిగి మిగతాది శుభ్రంగా ఎక్కించేస్తుంది. ఆ గొణుగుడు కాస్తా, ఏది పంపినా మింగేసే డెవ్ నల్‌లో కలిసింది. తర్వాత స్క్రిప్టు ఇంపోర్ట్ దగ్గరే చతికిలబడింది. రొయ్యలు మైనస్ 18లో హాయిగానే ఉన్నాయి, చూసే కన్నే పోయింది.

ముందు బావ మెషీన్లో "3 కంటే తక్కువ" అని వెర్షన్‌ను కట్టేశాడు. ఆ తర్వాత 400 లైన్లనూ, పైథాన్ పారేసిన టెల్నెట్‌లిబ్‌నూ మూటగట్టి వేరే ప్యాకేజీ చేశాడు. లైబ్రరీలో ఆ ప్యాకేజీని తగిలించుకునే ఒక ఎంట్రీ పాయింట్ మాత్రం మిగిల్చాడు. కొత్త ప్యాకేజీకి మెయింటెయినర్‌గా బావ పేరే రాశాడు.

మొదటిరోజే డౌన్‌లోడ్లు వంద దాటాయని బావ ఉబ్బిపోయాడు. అవన్నీ కాపీలు దాచే మిర్రర్లూ, తమంతట తామే దించుకునే బాట్లూ. బావ మెషీన్ ఇంకా 3 కంటే కిందే ఉంది.