ఓడలో తొమ్మిదో మనిషి

యేసు కథ చెప్పే సువార్తలు రాసినవాళ్ళ మీద పిల్లల తరఫున ఒక ఫిర్యాదు ఎప్పటినుంచో ఉంది. యేసు ఐదు రొట్టెలతో ఐదు వేలమందికి భోజనం పెట్టిన లెక్క చెబుతూ మత్తయి "స్త్రీలును పిల్లలును గాక" అని ఒక్క ముక్కలో తేల్చేశాడు. ఇప్పుడా లోటు తీరింది. చెన్నైలో మే నెల వీబీఎస్‌ల (సెలవుల బైబిలు బడుల) వేళకి ఏ క్రైస్తవ పిల్లల పుస్తకం తెరిచినా, ఎక్కడ ఏ అద్భుతం జరిగినా, పక్కన ఎనిమిదేళ్ళ పిల్లో పిల్లవాడో నిలబడి కళ్ళప్పగించి చూస్తుంటారు. ఎర్ర సముద్రం పాయలైతే అక్కడుంటారు. యెరికో గోడ కూలితే అక్కడా ఉంటారు, ఒంటిమీద దుమ్మైనా పడదు.

జలప్రళయంలో నోవహు ఓడలో ఉన్నది ఎనిమిది మందేనని పేతురు తన పత్రికలో స్పష్టంగా రాశాడు. అయినా ఒక రచయిత్రి నోవహుకి మనవరాల్ని కల్పించి ఎక్కించేసింది. మూడువందల మూరల ఓడ, ఏనుగులకే లేని అభ్యంతరం మనకెందుకు? కాకపోతే నలభై రోజుల వానలో ఆ పిల్ల ఒక్కసారీ విసుక్కోదు. "ఇంకెంతసేపు తాతా" అనదు. బయట ఉండిపోయిన నేస్తాల ఊసే ఎత్తదు. ఎంత మంచి పిల్ల!

ఐదు రొట్టెల పిల్లవాడికి జరిగిన మేలు ఇంకా పెద్దది. వాడి సంగతి చెప్పింది యోహాను ఒక్కడే, అదీ అంద్రెయ నోట: ఇక్కడ ఒక చిన్నవాడి దగ్గర ఐదు యవల రొట్టెలు, రెండు చిన్న చేపలు ఉన్నాయని. పేరు లేదు. వాడు ఇష్టపడి ఇచ్చాడో, అడిగి తీసుకున్నారో కూడా రాయలేదు. మనవాళ్ళు వాడికి పేరు పెట్టి, తల్లికి జ్వరం తెప్పించి, మూట విప్పేముందు రెండు పేజీల ప్రార్థన చేయించారు.

పెరంబూరులో ఒక తెలుగు సండే స్కూల్లో ఇది చదివి వినిపిస్తుంటే చేపల రేవు కాసిమేడు నుంచి వచ్చే బుడతడొకడు చెయ్యెత్తాడు.

"అక్కా, అవి పచ్చి చేపలా, ఎండు చేపలా?"

టీచరక్క చదువు ఆపలేదు.

"పన్నెండు గంపలు మిగిలాయి కదక్కా, వాడికెన్ని ఇచ్చారు?"

ఆ ఆదివారం కంఠత వాక్యం చెప్పే వరుసలోంచి వాణ్ణి తప్పించారు. సరైన నిర్ణయం. ఇలాంటివాళ్ళని కథల్లోకి రానిస్తే పెద్దలకి రక్షణ ఏముంటుంది?

కాబట్టి రచయితలకి మనవి: బైబిల్లో నిజంగా ఉన్న పిల్లల జోలికి పోకండి. ఎలీషా ప్రవక్తని "బోడివాడా" అని ఏడిపించినవాళ్ళలో నలభై ఇద్దరిని ఎలుగుబంట్లు చీల్చేశాయి. వాళ్ళలో ఒకడి చేత కథ చెప్పిస్తే రెండో పేజీకే అయిపోతుంది. సిరియా సేనాపతి నయమాను ఇంటి పనిపిల్లని సిరియనుల దండు ఇశ్రాయేలు నుంచి చెరపట్టి తెచ్చింది. ఆ పిల్లే యజమాని కుష్ఠు నయమయ్యే దారి చెప్పింది. అంతవరకు రాయండి. రాత్రిళ్ళు అమ్మ గుర్తొచ్చేదా అని మాత్రం అడక్కండి, రంగుల బొమ్మ వేయడం కష్టం.

ఐతుకు ఉన్నాడు. త్రోయ ఊళ్ళో అపొస్తలుడు పౌలు అర్ధరాత్రి దాకా ప్రసంగిస్తుంటే కిటికీలో కూర్చుని నిద్రపోయి మూడో అంతస్తు నుంచి కిందపడ్డ కుర్రాడు. వీణ్ణి వదలడం మీ వల్ల కాకపోతే కిటికీలోంచి లేపి, నోటుపుస్తకమిచ్చి ముందు వరుసలో కూర్చోబెట్టండి. పౌలు తెల్లవారేదాకా మాట్లాడాడన్న భాగం ఉన్నదున్నట్టే ఉంచండి. ముందుమాట రాయడానికి పాస్టరుగారు వెంటనే ఒప్పుకుంటారు.