రాజుల కాలంలో డీజే ఉండొచ్చునా?

దేశంలో సమస్యలన్నీ తీరిపోయినట్టే ఉన్నాయి గనుక, పెద్దమనుషులు ఇక ఒక్కదాని సంగతి తేల్చాలి. రాజుల కాలం కథ తీసుకుని, అందులో ఈ కాలం పాటలూ మాటలూ కలిపి, జనాన్ని హాయిగా నవ్వించే సినిమాల సంగతి. 2001లో వచ్చిన ఇంగ్లిష్ సినిమా 'ఎ నైట్స్ టేల్' ఇందులో మొదటి ముద్దాయి. కథేమో పద్నాలుగో శతాబ్దం. గుర్రాలెక్కి ఈటెలతో పొడుచుకునే పోటీ మొదలవుతుంటే, చూడవచ్చిన జనం 1977 నాటి రాక్ పాటకు చప్పట్లు చరుస్తుంటారు.

"ఆ కాలంల ఆ పాటేంది? దేనికైనా ఒక లెక్కా పత్రం ఉండాలె గద!" అని నల్లగొండలో ఒక పెద్దాయన చాయ్ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా వాదించాడు. ఆయన మనవడి రిసెప్షన్‌కు నేనూ పోయాను. థర్మకోల్ కోట, రెండు వైపులా ఏనుగు బొమ్మలు, ముందు పొగ మిషను, వెనక డీజే. పెళ్లికొడుకు నడుముకు అద్దె కత్తి. ఫొటోగ్రాఫర్ దూయమన్నాడు గానీ అది రాలేదు, ఒరా కత్తీ ఒకటే ముక్క. ఆ పెళ్లికొడుకు ఏ శతాబ్దపువాడో చెప్పమంటే పెద్దాయన చాయ్ బిల్లు నావైపు జరిపి లేచిపోయాడు.

అసలు కోటలకు మనకేం కరువు? రాచకొండ, దేవరకొండ కోటల్లో రేచర్ల పద్మనాయకులు ఏలింది సరిగ్గా ఆ సినిమా కథ జరిగే కాలంలోనే. కాకపోతే ఎక్కితే మోకాళ్లు పట్టేస్తాయి, ముళ్లు గీరుకుంటాయి, పైన ప్లగ్గు పెట్టుకునే చోటుండదు. థర్మకోలే నయం. రాజుల కాలంలోంచి బట్టలు, గుర్రాలు, మీసాలు ఏరుకుని, పన్నులూ వెట్టీ అక్కడే వదిలేసి రావచ్చు. ఈ సినిమాలు చేసేదీ అదే. ఇంతకన్నా లాభం బేరం ఉంటుందా?

ఇంగ్లండు వాళ్లకు మధ్యయుగం ఎప్పుడో పోయింది. మాకు తెలంగాణలో 1948 సెప్టెంబరు దాకా నిజాం ప్రభువు పాలనే, ఊళ్లల్లో దొరల కోటల్లాంటి గడీలు. దొర బండెక్కి పోతుంటే ముందూ వెనకా వెట్టివాళ్లు ఉరకాలి. నేటి పైలట్ కార్లకు మూలపురుషులు వాళ్లే, అప్పట్లో డీజిల్ ఖర్చు కూడా లేదు. ఆ కాలం చూసిన ముసలమ్మలను అడిగితే ఒక్కరికీ నవ్వు రాదు. నవ్వొచ్చే మధ్యయుగం కావాలంటే టికెట్టు కొనాల్సిందే.

1951లో 'పాతాళభైరవి' వచ్చింది. తోటమాలి కొడుకు రాజకుమారిని పెళ్లాడాడు. ఆ అక్టోబరులోనే ఇక్కడ సాయుధ పోరాటం విరమించారు. రెండింటికీ సంబంధం ఉందని నేననను. కానీ "బాంచన్ నీ కాల్మొక్కుతా" అనడం అప్పుడప్పుడే మానుకుంటున్న నోళ్లు, తోటరాముణ్ని చూసి ఎంత గట్టిగా ఈల వేసి ఉంటాయో!

ఆ ఇంగ్లిష్ సినిమా హీరో కూడా గుడిసెలకు గడ్డి కప్పేవాడి కొడుకే. దొంగ కాగితాలతో దొరనని చెప్పుకుని పోటీకి దిగుతాడు. ఆ కాగితాలు రాసిచ్చింది సాక్షాత్తు ఇంగ్లిష్ మహాకవి చాసర్. జూదంలో కట్టుబట్టలు కూడా పోగొట్టుకున్న స్థితిలో ఆయన మనకు పరిచయమవుతాడు. గుట్టు బయటపడి హీరోను శిక్షగా చెక్క బొండలో బిగించాక, యువరాజే స్వయంగా వచ్చి, వీడిది పాత రాజవంశమని మా చరిత్రకారులు తేల్చారు, నా మాటకు తిరుగులేదు అని నిండు సభలో అబద్ధమాడతాడు. మా దగ్గర ఈ పనికి ఊరి లెక్కలు రాసే పట్వారీ చాలు, భూమి రికార్డు పహాణీలో ఒక్క గీత గీస్తే అయిపోయేది. యువరాజు దాకా పోవాల్సి వచ్చిందంటే వాళ్ల రెవెన్యూ శాఖ ఎంత వెనకబడి ఉందో చూడండి.

ఈ ధైర్యంతో నేనూ ఒక కథ రాసుకున్నాను. రాచకొండలో సర్వజ్ఞ సింగభూపాలుడి కొలువు. నాటకం, రసాల మీద 'రసార్ణవసుధాకరం' అనే గ్రంథమే రాసిన రాజుకు హాస్యరసం గురించి మనం చెప్పేదేముంది? గొర్లు కాసే పిల్లగాడు కర్రసాము పోటీకి దిగుతాడు, వెనక తీన్మార్ దరువు. ఒక నిర్మాతకు వినిపించాను. తీన్మార్ ఓకే అన్నాడు, రాజుగారు స్టెప్పులేసినా ఓకే అన్నాడు. గొర్లు కాసేవాడు చివరిదాకా గొర్లు కాసేవాడేనంటే మాత్రం జనం నమ్మరట. చిన్నప్పుడు తప్పిపోయిన యువరాజని క్లైమాక్సులో తేలాలట, భుజం మీద పుట్టుమచ్చ ఉండాలట. కుడి భుజమా, ఎడమ భుజమా అన్న దగ్గర ప్రస్తుతం చర్చ ఆగి ఉంది.