కట్టుడు పళ్ళకు అగ్రతాంబూలం

ఉచితంగా వచ్చినదాని మీద మనిషికి గౌరవం ఉండదు. కావాలంటే పళ్ళను చూడండి. మొదటి విడతలో 20 పాలపళ్ళు ఇచ్చారు, ఊడగొట్టుకున్నాం. ఎవరూ కోప్పడకుండా రెండో విడతలో 32 ఇచ్చారు, వాటినీ ఊడగొట్టుకున్నాం. మూడో విడత మాత్రం కొలతలిచ్చి, డబ్బు కట్టి చేయించుకోవాలి. సరిగ్గా అక్కడే భక్తి మొదలవుతుంది.

మా పెదనాన్నగారు సొంత పళ్ళున్న రోజుల్లో వాటితో సీసా మూతలు తీశారు, దారాలు తెంపారు, కోపం వచ్చినప్పుడల్లా పటపటా కొరికారు. చిగుళ్ళనుంచి నెత్తురు కారితే తప్పు బ్రష్షుదని తేల్చి దాన్నే మానేశారు. ఇప్పుడు సెట్టు వచ్చింది. రాత్రి తొమ్మిదింటికల్లా దానికి స్నానం, ఆపైన గాజు గ్లాసులో జలశయనం. పొద్దున్న అది లేచేదాకా ఆ గ్లాసు జోలికి ఎవరూ పోకూడదు. ఒక రాత్రి చీకట్లో దాహమేసి నేను పోయాను. ఆ సంగతి ఇక్కడితో వదిలేద్దాం.

ఆయన సరిగ్గా చేస్తున్న సేవ ఈ శయనం ఒక్కటే. రాత్రింబగళ్ళు నోట్లోనే ఉంచుకుంటే సెట్టు కింద కాండిడా అనే శిలీంధ్రం కాపురం పెడుతుంది, అంగిలి ఎర్రగా కందుతుంది. బయట ఆరబెడితే సెట్టు ఆకారం మారవచ్చు, అందుకే నీళ్ళు. మిగతా భక్తంతా పెడదారి పట్టింది. క్రిములు చావాలని సలసల కాగే నీళ్ళు పోస్తే సెట్టు వంకర తిరిగింది. మెరవాలని టూత్‌పేస్టుతో తోమితే అందులోని గరుకుకు సన్నగా గీతలు పడ్డాయి, ఆ గీతల్లో పాచి స్థిరనివాసం ఏర్పరచుకుంది. మెత్తని బ్రష్షూ, కాస్త సబ్బునీళ్ళూ చాలని డాక్టరు చెబితే, "ఇంత ఖరీదైన వస్తువుకు సబ్బునీళ్ళా?" అని ఆయన నొచ్చుకున్నారు.

కడిగేటప్పుడు కింద మడతపెట్టిన తువ్వాలు వేసుకోమని కూడా డాక్టరు చెప్పారు. వేసుకోలేదు. సెట్టు జారి రెండు ముక్కలైంది. పెదనాన్నగారు చెప్పులు అతికించే జిగురు తెచ్చుకుని, కళ్ళద్దాలు ముక్కు చివరికి దించి, గంటసేపు శ్రమించారు. పళ్ళు ఊడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేమి అన్నారు పెద్దలు. అతికించుకోవడానికి ఏ జిగురైతేనేమి అన్నది ఈ పెద్దాయన సవరణ. అతికిన సెట్టు నోట్లో పట్టలేదు, పైగా చిగురు ఒరుసుకుపోయింది.

ఇక కింది సెట్టు వేరే వంశం. పైది అంగిలికి గాలి చొరకుండా అతుక్కుని పెద్దమనిషిలా కూర్చుంటుంది. కిందిదానికి ఉన్న చోటే గుర్రపునాడా అంత, మధ్యలో నాలుక ఊరుకోదు. ఒక్క తుమ్ముకు అది పత్రికలో సంపాదకీయం మీద పడింది. పళ్ళు పోయాక దవడ ఎముక ఏటికేడు అరుగుతుంది కాబట్టి పాత సెట్టు వదులవుతుందనీ, లోపలివైపు మళ్ళీ సరిచేయించుకోవాలనీ నేను విన్నవించాను. తన దవడ అరగలేదనీ, సెట్టే పెరిగిందనీ పెదనాన్నగారు తీర్పు చెప్పారు.

సెట్టు లేని వేళల్లో ఆయన తెలుగు కూడా మారిపోతుంది. వ్యాకరణం త, థ, ద, ధ, నలను ఊరికే దంత్యాలు అనలేదు. "దండగమారి వెధవా" అని నన్ను తిట్టబోయి గాలి ఊది ఊరుకుంటున్నారు. ఈ ఒక్క విషయంలో నాకు ఫిర్యాదు లేదు.

జార్జి వాషింగ్టన్ 1789లో అమెరికా అధ్యక్షుడయ్యేనాటికి ఆయనకు మిగిలింది ఒకే ఒక్క సొంత పన్ను. చెక్కపళ్ళన్నది కట్టుకథ. నీటిగుర్రం దంతం, మనుషుల పళ్ళు, లోహం కలిపి ఆయనకు సెట్లు చేశారు. ఇది చెప్పినప్పటినుంచి పెదనాన్నగారు డాక్టరు దగ్గరకు వెళ్ళడం మానేశారు. ఒక్క పంటితో దేశాన్నే ఏలగా లేనిది, అసలు పళ్ళే లేనివాడికి పంటి డాక్టరెందుకని ఆయన ప్రశ్న. చిగుళ్ళూ, నాలుకా, మానని పుళ్ళూ కూడా డాక్టరే చూస్తారంటే, నోరు తనదేనని గుర్తుచేశారు.

నన్ను మాత్రం ఈ గొడవలోకి లాగకండి. నాకింకా 27 సొంత పళ్ళున్నాయి. ఎడమవైపు ఒకటి నెల్లాళ్ళుగా కదులుతోంది. నాలుకతో రోజూ పలకరిస్తూనే ఉన్నాను. వచ్చే వారం చూపించుకుంటాను.