పది శాతం చదువు, తొంభై శాతం పుకారు

ఆ మెసేజ్‌ను ముందు మా బావగారు పంపారు. తర్వాత పదో తరగతి పాత మిత్రుల గ్రూపులో కనిపించింది. చివరికి మా మండలం గణిత ఉపాధ్యాయుల గ్రూపులోనూ ప్రత్యక్షమైంది. "పుస్తకాల కాలం చెల్లింది! ఇక ఆటలతోనే చదువు!" అని మొదలుపెట్టి, ఆరు "శాస్త్రీయ సత్యాలు" వల్లించి, అందరికీ పంపమని ఆజ్ఞాపిస్తుంది. పుస్తకాల కాలం చెల్లిందన్న సంగతి ఇంత పొడవాటి వ్యాసం చదివి తెలుసుకోవాలన్నమాట. ఇందులో సగం అబద్ధమని ఫోన్ చేసి చెప్పబోతే, "నువ్వు పాతకాలం మనిషివి" అన్నారు బావగారు. తెర మీద బొమ్మలు గీసి కదిపి చూపించే జియోజీబ్రా అనే గణిత సాఫ్ట్‌వేర్ లేకుండా నేను జ్యామితి పాఠం మొదలుపెట్టను. ఆ మాట చెప్పే లోపే ఆయన ఫోన్ పెట్టేశారు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

మొదటి సత్యం: చదివింది 10 శాతం, విన్నది 20, చూసింది 30, చూస్తూ విన్నది 50, స్వయంగా చేసింది 90 శాతం గుర్తుంటుందట. ఎడ్గార్ డేల్ అనే అమెరికా ఆచార్యుడు నిరూపించాడట. డేల్ 1946లో తన పుస్తకంలో "అనుభవాల శంకువు" అనే పటం గీసిన మాట నిజమే. ఆ శంకువులో ఒక్క శాతం కూడా లేదు. అంకెలన్నీ తర్వాతి వాళ్లు అతికించినవి. అయినా ఏం చదివితే 10 శాతం? ఎక్కాలా, సుమతీ శతకమా? గంట తర్వాత అడిగితేనా, ఏడాది తర్వాతా? మన ఉపాధ్యాయ శిక్షణ తరగతుల్లోనూ ఈ పటాన్ని తెర మీద వేసి చూపిస్తారు. చూస్తూ విన్నాం కాబట్టి దాని లెక్క ప్రకారమే సగం మరిచిపోవాలి. ఈ ఒక్కటి మాత్రం ఎవరికీ ఒక అంకె కూడా తప్పిపోదు.

రెండోది బంగారు చేప. ఈ తరం పిల్లల ఏకాగ్రత 8 సెకన్లు, చేపది 9 సెకన్లు. ఇది 2015లో మైక్రోసాఫ్ట్ కెనడా విభాగం నివేదికతో ఊరేగింది. 2017లో బీబీసీ దాని మూలం కోసం వెతికితే పరిశోధన అనదగ్గది ఏదీ దొరకలేదు. ఐపీఎల్ చివరి ఓవర్ చూస్తున్న తొమ్మిదో తరగతి పిల్లవాణ్ని అన్నానికి పిలిచి చూడండి, ఏకాగ్రత ఎన్ని సెకన్లో తెలుస్తుంది.

మూడోది, చూసి నేర్చుకునే పిల్లలు వేరు, విని నేర్చుకునే పిల్లలు వేరు అన్నది. 2008లో నలుగురు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఉన్న అధ్యయనాలన్నీ తిరగేసి, ఆ విభజన ప్రకారం బోధిస్తే మేలు జరుగుతుందనడానికి తగిన ఆధారం లేదని తేల్చారు. పటాన్ని ఎవరికైనా చూపించాలి, పద్యాన్ని ఎవరికైనా వినిపించాలి. అంతే.

నాలుగోది ఫిన్లాండ్. మన ఫార్వర్డులకు ఫిన్లాండ్ అమ్మమ్మ కథల్లో ఏడు సముద్రాల అవతలి దీవి లాంటిది, అక్కడ ఏమైనా జరుగుతుంది. సబ్జెక్టులు రద్దు చేసి ఆటలే పెట్టారట! 2016లో అమలైన వాళ్ల పాఠ్యప్రణాళిక అడిగింది ఏడాదికి కనీసం ఒక్క ఉమ్మడి పాఠం, అంటే కొన్ని సబ్జెక్టులు కలిసే అంశం. సబ్జెక్టులు ఎక్కడివక్కడే ఉన్నాయి. 2025 ఆగస్టు నుంచి పాఠం జరిగేటప్పుడు ఫోన్లు వాడకుండా చట్టమే తెచ్చారు. ఇది ఎవరూ ఫార్వర్డ్ చేయరు.

ఐదో సత్యం దగ్గరే నాకు నిజంగా కోపం వచ్చింది. "పాయింట్లు, బ్యాడ్జీలు, ర్యాంకుల పట్టిక పెడితే వెనకబడిన పిల్లలు కూడా పరుగులు తీస్తారు" అంటుంది. ఈ మాట రాసినవారు అలాంటి క్విజ్ జరుగుతున్న తరగతిలో చివరి బెంచీ పక్కన ఒక్కసారైనా నిలబడ్డారా?

ఎనిమిదో తరగతి, అకరణీయ సంఖ్యలు. −3/4, −2/3లలో ఏది పెద్దది? తెర మీద నాలుగు రంగుల గడులు, పైన పరుగెత్తే గడియారం. ఇలాంటి యాప్‌లలో సరైన జవాబు ఎంత త్వరగా నొక్కితే అన్ని ఎక్కువ పాయింట్లు, చివరి క్షణంలో నొక్కితే సగమే. తప్పు నొక్కినా పోయేది ఏమీ లేదు. ముందు వరుస కుర్రాళ్లు ప్రశ్న పూర్తిగా రాకముందే ఎర్రగడి నొక్కేశారు. చివరి బెంచీలో ఒక అమ్మాయి మాత్రం నోట్‌బుక్కులో క.సా.గు. 12 అని రాసుకుని, −9/12, −8/12 అని మార్చి, సంఖ్యారేఖ గీసి, కుడివైపు ఉన్నది ఏదో చూసుకుని తల ఎత్తేసరికి సమయం అయిపోయింది. ఆ తరగతిలో గణితం చేసింది ఆమె. సున్నా వచ్చింది ఆమెకే. గుడ్డిగా నొక్కి గురి తగిలిన వాడి పేరు బాణసంచా మధ్య తెర మీద వెలిగింది. తర్వాతి ప్రశ్నకు ఆ అమ్మాయి పెన్ను మూసేసి తనూ ఎర్రగడి నొక్కింది. పరుగులు తీయడమంటే ఇదే అయితే, నిజమే, తీసింది.

ర్యాంకుల ఫ్లెక్సీలు కట్టీ కట్టీ కార్పొరేట్ కాలేజీలు పిల్లలకు చేసిన మేలు చాలదా? దాన్నే రంగులు పూసి ఆరో తరగతికి దింపి, ఆట అని పేరు పెట్టాలా?

బహుమతి ఆశ చూపితే ఉన్న ఇష్టం కూడా పోవచ్చని 1973లోనే స్టాన్‌ఫర్డ్ నర్సరీ బడిలో లెపర్, గ్రీన్, నిస్బెట్ అనే పరిశోధకులు చూపించారు. బొమ్మలు గీయడం ఇష్టపడే చిన్నపిల్లల్లో కొందరికి ముందే సర్టిఫికెట్ ఇస్తామని మాటిచ్చి గీయించారు. కొన్నాళ్ల తర్వాత వాళ్లు మిగతావారితో పోలిస్తే దాదాపు సగం సమయమే బొమ్మల మీద పెట్టారు.

క్విజ్ మానేయమనడం లేదు. 2006లో రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు చేసిన ప్రయోగంలో పాఠాన్ని నాలుగుసార్లు చదివినవారికి వారం తర్వాత 40 శాతం గుర్తుంది. ఒక్కసారి చదివి, మూడుసార్లు చూడకుండా గుర్తుచేసుకుని రాసినవారికి 61 శాతం గుర్తుంది. అంటే మేలు చేసేది ప్రశ్న. గడియారం, బాణసంచా కాదు. ప్లిక్కర్స్ కార్డులు ఉన్నాయి కదా: పిల్లవాడు తన జవాబు అక్షరం పైకి వచ్చేలా కాగితం ముక్క తిప్పి పట్టుకుంటాడు, మన ఫోన్ కెమెరా చదువుకుంటుంది. ఎవరి కార్డు గుర్తు వాళ్లదే కాబట్టి పక్కవాడు కాపీ కొట్టలేడు. తొందర లేదు, ర్యాంకుల పట్టిక చూపించాల్సిన పని లేదు, ఫోను ఒక్కటి చాలు. కాకపోతే దీని గురించి ఫార్వర్డ్ రాస్తే ఎవరు చదువుతారు!

ఆరోది, "ఇక ఉపాధ్యాయుడి అవసరం ఉండదు." సినిమాలు వచ్చాయి కాబట్టి బడుల్లో పుస్తకాలకు త్వరలో కాలం చెల్లుతుందని 1913లో ఎడిసన్ చెప్పాడు. 1975లో ఉపగ్రహ టీవీ తెలుగు పల్లెలతో సహా 2,400 గ్రామాలకు పాఠాలు తెచ్చింది. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిదో తరగతి పిల్లలకు బైజూస్ పాఠాలతో ట్యాబ్‌లు వచ్చాయి. 2024 జులైలో ఆ సంస్థ దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. నేను ఇంకా హాజరు వేస్తూనే ఉన్నాను.

అయితే ఆ ఆరో సత్యం చివర ఒక వాక్యం ఉంది: "ఆటలో తప్పు చేస్తే ఎవరూ తిట్టరు." దీనికి నా దగ్గర జవాబు లేదు. మా భౌతికశాస్త్రం మేడమ్ గారు ఫెట్ సిమ్యులేషన్‌లో, అంటే కంప్యూటర్ తెర మీద చేసే ఉత్తుత్తి ప్రయోగశాలలో, విద్యుత్ వలయాలు చేయిస్తుండగా చూశాను. ఏడాది పొడవునా చెయ్యి ఎత్తని పిల్లవాడు బల్బు పెట్టకుండా తీగను నేరుగా బ్యాటరీకి కలిపాడు. తెర మీద బ్యాటరీ మంటలెత్తింది. వాడు నవ్వి, తీగ పీకి, ఇంకోలా కలిపాడు. మళ్లీ మంట. మళ్లీ నవ్వు. చివరికి బల్బు వెలిగించి, రెండోది కూడా పెట్టి, వెలుగు ఎందుకు తగ్గిందని తనే అడిగాడు. అదే తప్పు బోర్డు దగ్గర చేస్తే మాలో చాలామంది వాణ్ని రెండో ప్రయత్నం చేయనివ్వరు. ఆ వాక్యాన్ని మాత్రం మా స్టాఫ్ రూములో, సుద్దముక్కలు విసిరే అలవాటున్న వారి బల్లకు ఎదురుగా గోడకు అంటించమన్నా అంటిస్తాను.